సాగరమధ్యమున హాజీ అలీ దర్గా

యాత్ర యనిన మన కన్నులకు కట్టునవి గోపురము, ధ్వజస్తంభము, కోనేరు, ప్రసాదము. పరమతస్థుల పవిత్రస్థలములను చూడబోవుట మన స్త్రీలలో నరుదు. పోయినను దూరమునుండి చూచి, బాగున్నదని పలికి మరలి వత్తుము. లోపలికి పోవచ్చునా, పోయిన నెక్కడ నిలువవలెను, చేతులు జోడింపవలెనా, ఊరక నిలువవలెనా అను సందేహములు మనలను గడపయొద్దనే యాపివేయును. గడచిన వేసవి సెలవులలో ముంబయి నగరమున సముద్రమధ్యమందున్న హాజీ అలీ దర్గాను, అందలి మసీదును చూచు నవకాశము నాకు కలిగినది. నేను భక్తురాలనై పోలేదు. ఊరు చూడవచ్చిన యాత్రికురాలనై పోతిని. అయినను అచట చూచినదియు, విన్నదియు, తరువాత చదివి తెలిసికొన్నదియు సోదరీమణులతో ముచ్చటింపవలెనని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

దర్గా యను మాట నాకు క్రొత్తది కాదు. మాది నెల్లూరు సీమ. మొహరము దినములలో మా పట్టణమందలి స్వర్ణాల చెరువు గట్టున, బారా షహీద్ దర్గాయొద్ద రొట్టెల పండుగ జరుగును. బిడ్డలు కావలెనని కోరువారు సంతానపు రొట్టెను, చదువు కోరువారు చదువు రొట్టెను, ఉద్యోగము కోరువారు ఉద్యోగపు రొట్టెను, చెరువు నీట నిలిచి, ఆ కోరిక ఫలించినవారి చేతినుండి పుచ్చుకొందురు. తమ కోరిక నెరవేరినపిమ్మట తామును రొట్టె తెచ్చి మరియొకరి చేతిలో పెట్టుదురు. ఇచ్చువారి కులమును మతమును పుచ్చుకొనువా రడుగరు. చిన్ననాట మా మేనత్త చేయి పట్టుకొని మోకాలిలోతు నీటిలో నిలిచి యీ వేడుకను చూచినదానను. కనుక ముంబయిలో “దర్గాకు పోదమా?” యని అడిగినపుడు నాకు వెఱపు కలుగలేదు, వేడుక కలిగినది.

మసీదునకును దర్గాకును భేదమును తెలియనివారి కొఱకు ఒక్క మాట. మసీదు నమాజు చేయు స్థలము. దర్గా పుణ్యపురుషుని సమాధియున్న స్థలము. హాజీ అలీయొద్ద నీ రెండును ఒకే దీవిమీద నున్నవి. హాజ్ యాత్ర చేసినవారిని హాజీ యందురు. పీర్ హాజీ అలీ షా బుఖారీ యనువారు మధ్య ఆసియాలోని బుఖారా ప్రాంతమునుండి వచ్చిన ధనికుడైన వర్తకుడనియు, సంపదను త్యజించి భక్తిమార్గము నవలంబించి యీ తీరమున నివసించెననియు చెప్పుదురు. దర్గా 1431వ సంవత్సరమున వెలసినదని ప్రతీతి. దాని నిర్వహణము చూచు ట్రస్టు 1916లో నేర్పడినది.

ముంబయిలో మేము దిగినది వర్లీయందు, మా పినతల్లి కుమార్తె యింట. ఆ ప్రాంతమున తెలుగు మాట వినబడుట వింత కాదు. తెలుగుదేశమునుండి పోయి కట్టడపు పనులలో కుదిరిన కామాఠీల పేరనే ఆ నగరమున కామాఠీపుర మేర్పడినది. 1920ల దశకమున కట్టిన వర్లీ బి.డి.డి. చాళ్ళలో బట్టల మిల్లుల పనికై పోయిన తెలంగాణపు పద్మశాలి కుటుంబములు తరతరములుగా కాపురముండిరి. మా చెల్లెలు మార్కెట్టులో కూరలు బేరమాడునపుడు ఒక మాట మరాఠీలో, ఒక మాట హిందీలో, కోపము వచ్చినపుడు మాత్రము అచ్చమైన నెల్లూరి తెలుగులో మాటలాడుచుండెను.

“దర్గాకు పోవలెననిన గడియారము కంటె పంచాంగము ముఖ్య మక్కా,” యని ఆమె నవ్వుచు చెప్పినది. దీవికిని తీరమునకును నడుమ నున్న సన్నని బాటకు సముద్రపు పోటు పెద్దదైనపుడు నీరు క్రమ్మును. అప్పుడు రాకపోకలు నిలిచిపోవును. కనుక నీరు తీసిన వేళను తెలిసికొని పోవలెను. అచటి బెస్తలు, కోలీలని వారి పేరు, దీనికొక సులభమైన లెక్క కట్టియున్నారు. ఆనాటి తిథిసంఖ్యను మూడింట గుణించి నాల్గింట భాగించిన, నిండుపోటు వచ్చు గంట తెలియును. మేము పోదలచినది వైశాఖ బహుళ తదియ. మూడు మూళ్ళు తొమ్మిది. తొమ్మిదిని నాల్గింట భాగింపగా రెండుంబావు. అనగా మధ్యాహ్నము రెండు గంటల పదునైదు నిమిషముల ప్రాంతమున నిండుపోటు. పోటునకును పాటునకును నడుమ సుమారు ఆరుగంటల పండ్రెండు నిమిషములుండును గాన, ఉదయ మెనిమిది గంటల వేళకు నీరు పూర్తిగా తీసియుండును. మరునాటికి పోటు ముప్పావుగంటకు పైగా వెనుకబడును. ఇది స్థూలమైన లెక్క. ఖచ్చితమైన వేళలకు ప్రచురితమైన ఆటుపోటుల పట్టికను చూడవలెను. ముఖ్యముగా వానకాలమున నాలుగున్నర మీటరులను మించిన పోటులు వచ్చును గనుక అప్పుడు నోటిలెక్కను నమ్ముకొనరాదు.

చందమామ పాలకడలి బిడ్డ యనియు, నిండు చందురుని చూచి కడలి కన్నతల్లివలె పొంగుననియు మన కవులు వర్ణించిరి. మా నాయనగారు నాకు ప్రబంధములు పాఠము చెప్పునపుడు ఇట్టి వర్ణనలెన్నియో కంఠస్థము చేయించిరి. అవి యన్నియు అలంకారములని యెంచియుంటిని. ఏకాదశి యెప్పుడు, పౌర్ణమి యెప్పుడు అని వ్రతములకై మనము చూచుకొను తిథిచేతనే బెస్తవాడు పడవను తోయుననియు, భక్తుడు బాటను త్రొక్కుననియు ఆనాడు తెలిసినది.

మావారును, నేనును, మా పిల్లవాడును, చెల్లెలును ఉదయమెనిమిది గంటలకు బయలుదేరితిమి. దారిలో మావారు ఉపాధ్యాయులు గనుక మాకందరకును చరిత్రపాఠము తప్పలేదు. ఇప్పుడొక్క నగరముగా కనబడుచున్న ముంబయి పూర్వము ఏడు దీవులు. వర్లీకిని మహాలక్ష్మికిని నడుమనున్న పెద్ద గండిగుండ పోటునీరు లోనికి జొరబడి ఊరి నడిమి నేలలను ముంచుచుండెను. ఆ గండిని పూడ్చుటకు విలియం హార్న్‌బీ గవర్నరుగా నున్న కాలమున, 18వ శతాబ్దపు చివరి భాగమున, గొప్ప ఆనకట్ట కట్టిరి. దానిని హార్న్‌బీ వెల్లార్డ్ అనిరి. ఇప్పుడు ఆ బాటకు లాలా లజపతిరాయ్ పేరు పెట్టిరి. కట్టిన గోడ పలుమారులు కూలగా, పనిచేయించు రామ్‌జీ శివ్‌జీ యను ప్రభు కులస్థునకు అమ్మవారు కలలో కనబడి, సముద్రములోనున్న తమ విగ్రహములను వెలికి తీయుమని యానతిచ్చెననియు, తీసి ప్రతిష్ఠింపగా గోడ నిలిచెననియు ఐతిహ్యము. మహాలక్ష్మీ, మహాకాళీ, మహాసరస్వతులు కొలువైయున్న మహాలక్ష్మీ మందిరము ఆ కథతో ముడివడినదే. ఆ మందిరము తీరమున గట్టుమీద నున్నది. దర్గా నీటినడుమ దీవిమీద నున్నది. ఒకచోట నిలిచి చూచిన రెండవది కనబడును. ఒకే సముద్రమునుండి ఒకరికి అమ్మవారు లభించెను. ఒకరికి పీరు లభించెను.

రోడ్డునకు క్రిందుగా పోవు సొరంగపు దారిని దాటి బాటమీదికి వచ్చితిమి. తీరమునుండి దీవికి సుమారు అరకిలోమీటరు. ఇరుప్రక్కల కటకటాలు లేవు; నల్లని రాళ్ళు, వాటినడుమ నిలిచిపోయిన ఉప్పునీరు. బాట మొదట గులాబి పూలు, అత్తరులు, అగరువత్తులు, సమాధిపై కప్పు జరీ చాదరులు అమ్ము అంగళ్ళున్నవి. దూరముగా చూచిన, 2024లో తెరచిన సముద్రతీరపు పెద్దరోడ్డు వంతెనలపై మోటారులు పరుగెత్తుచున్నవి. ఈ బాటమీద మాత్రము అందరును నడువవలసినదే. పట్టుచీర కట్టిన యామెయు, బురఖా ధరించిన యామెయు, చంకబిడ్డతో కూలిపని చేయు నామెయు ఒకే యెండలో, ఒకే వరుసలో నడుచుచుండిరి. దారిపొడుగున బిచ్చగాండ్రు కూర్చుండిరి. వారిని చూచి మా పిల్లవాడు “అమ్మా, నీరు వచ్చినపుడు వీరెక్కడికి పోదురు?” అని యడిగెను. “గట్టునకు పోదురు నాయనా, నీరు తీసిన మరల వత్తురు,” అని మా చెల్లెలు బదులు చెప్పినది. వాడు చాలదూరము మౌనముగా నడిచెను.

దగ్గరకు పోయినకొలది తెల్లని గుమ్మటమును, సుమారు 85 అడుగుల మీనారును స్పష్టముగా కనబడినవి. తాజమహలునకు వాడిన మక్రానా పాలరాతినే దీనికిని వాడిరట. పెద్ద ద్వారము దాటిన విశాలమైన పాలరాతి ముంగిలి. నా పాదముల క్రింద చలువరాయి. చుట్టును మూడువైపుల సముద్రము. ఒకప్రక్క కవ్వాలీ గాయకులు కూర్చుండి హార్మోనియము శ్రుతి చేయుచుండిరి. మసీదులో నమాజు చేయువారు పడమటికి మొగము త్రిప్పి నిలుతురు, ఏలయన మక్కా ఆ దిక్కున నున్నది. తక్కినచోట్ల పడమటిగోడ యెదుట నిలిచి ప్రార్థించువారు, ఇచట ఆ గోడకావల అడ్డులేని అరేబియా సముద్రమును మనసున చూడవచ్చును. ఆ నీటికావల నున్నది అరబ్బుదేశమే కదా యని తలచినపుడు, ఈ స్థలమును దీవిమీద నేల యేర్పరచిరో నాకు కొంత బోధపడినట్లయ్యెను.

సమాధి యీ దీవిమీద వెలయుటకు రెండు కథలు చెప్పుదురు. హాజీగారు తమ దేహమును పెట్టెలో పెట్టి సముద్రమున విడువుడని కోరిరనియు, ఆ పెట్టె తేలుచు వచ్చి యీ రాళ్ళయొద్ద నిలిచెననియు ఒక కథ. రెండవది మన స్త్రీలు వినవలసినది. ఒకనా డొక బీదరాలు వట్టి పాత్ర చేతబట్టుకొని దారిలో నేడ్చుచుండెనట. ఏల యేడ్చెదవని హాజీగా రడుగగా, “నూనె ఒలికిపోయినది, వట్టిచేతులతో పోయిన నా పెనిమిటి కొట్టును,” అనినదట. నూనె ఒలికినచోటికి పోయి ఆయన బొటనవ్రేలితో నేలను నొక్కగా, నేలనుండి నూనె ఉబికెను. ఆమె పాత్ర నిండెను. ఆమె సంతోషముతో ఇంటికి పోయినది. కాని పిమ్మట ఆయనకు నిద్ర పట్టలేదట. భూమిని గ్రుచ్చి బాధించితినని కలతచెంది, ఆ వ్యథతోనే కృశించెనట. భూదేవిని క్షమ యని పిలుచు మనకు ఈ కథ పరాయిదిగా తోచదు. ఒక ఆడుదాని కన్నీటిని తుడుచుటకు చేసిన మేలులో సైతము నేలతల్లికి నొప్పి కలిగెనేమో యని బాధపడిన మనస్సు అది. దెబ్బలకు వెఱచి దారిలో నేడ్చుచున్న ఇల్లాలితో నీ పుణ్యపురుషుని కథ ప్రారంభమగుచున్నది. ఈ మాటను మనస్సున నుంచుకొనుడు. మరల దీనితో పని యున్నది.

దర్గాలోపల స్తంభములకు రంగురంగుల గాజుతునుకలు పొదిగి, వాటియందు అల్లా యొక్క తొంబదితొమ్మిది నామములను రచించియున్నారు. సమాధిపై వెండి చట్రము. దాని నంటి పాలరాతి కంబములు. సమాధిమీద ఎఱ్ఱవియు పచ్చవియునగు జరీ చాదరులు. స్త్రీలకును పురుషులకును దారులు వేరు. మావారును పిల్లవాడును ఆ వరుసలోను, మే మీ వరుసలోను నిలిచితిమి. తలపై కొంగు కప్పుకొంటిని. చేతులు జోడింపవలెనా యను నా సందేహమును ముందున్న యొక ముదుసలి తీర్చినది. ఆమె రెండు అరచేతులను పైకి తెరచి, ఏదియో పుచ్చుకొనబోవుదానివలె నిలిచియుండెను. నేను చేతులు జోడింపను లేదు, చాపను లేదు, గౌరవముతో నిలిచితిని. అతిథికి అది చాలునని తోచినది. భక్తి లేనిచోట భక్తి నటించుటకంటె మౌనముగా నిలుచుట మేలు కదా.

బయటకు వచ్చి ముంగిట నీడన కూర్చుండగా ఆ ముదుసలియే మా ప్రక్కకు వచ్చి, మా మాటలు విని, “తెలుగోళ్ళా బిడ్డా?” అని యడిగినది. ఆమెది నిజామాబాదు ప్రాంతమట. పెనిమిటి మిల్లులో పనివాడు. 1982 నాటి పెద్ద సమ్మెతో ఆ పని పోయినదట. పిమ్మట కుట్టుపనిచేసి ఆమెయే సంసారమును గడపినది. మే మడుగకయే ఆమె చెప్పిన మాటలను ఆమె పలుకుబడిలోనే వ్రాయుచున్నాను.

“పెండ్లయి వచ్చిన కాడికెల్లి బేస్తవారం బేస్తవారం వస్తున్న బిడ్డా. లోపటికి పోయేదాన్ని, దగ్గర నిలబడి దువా చేసేదాన్ని. ఒకనాడు వస్తె అడ్డంగ ఇనుప కటకటాలు పెట్టిండ్రు. ఆడోళ్ళు ఇక్కడనే ఆగాలె అన్నరు. అల్లాకు నా మాట అక్కడికెల్లి వినబడదని కాదు, ఆయన యాడున్నా వింటడు. కాని నా కొడుకు లోపటికి పోయిండు, వాన్ని కన్న నేను బయట నిలబడ్డ. గప్పుడు కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్.”

“ఇప్పుడో అవ్వా?” అంటిని.

“ఇప్పుడు వాడెంత దూరముంటడో నేనంత దూరముంట. ఇద్దరికి ఒక్కతీరు. నాకు గదే కావాలె.”

ఇంటికి వచ్చినపిమ్మట ఆ కటకటాల వృత్తాంతమును శ్రద్ధతో చదివితిని. నూర్జహాన్ సఫియా నియాజ్, జకియా సోమన్ అను నిరువురు విదుషీమణులు భారతీయ ముస్లిం మహిళా ఆందోళన్ అను సంఘమునకు చెందినవారు. వారు 2011లో పోయినపుడు సమాధిగదిలోనికి పోగలిగిరి. 2012లో పోయినపుడు స్త్రీల కడ్డుగా ఇనుప కంచె కనబడెను. కారణ మడుగగా చెప్పిన సమాధానములలో, వంగినపుడు స్త్రీల రవికల మెడలు వెడల్పుగా నుండుననునది యొకటి. స్త్రీల క్షేమము కొఱకే యనునది యొకటి. పురుషుడైన పుణ్యాత్ముని సమాధికి స్త్రీలు దగ్గరగా పోవుట తమ మతమున ఘోరపాప మనునది యొకటి. ఉత్తరములు వ్రాసి, విన్నపములు చేసి, ఫలము లేక 2014లో వారు బొంబాయి హైకోర్టు నాశ్రయించిరి.

2016 ఆగస్టు 26వ తేదీన న్యాయమూర్తులు వి. ఎం. కనడే, రేవతీ మోహితే డేరే గార్లు తీర్పు చెప్పిరి. రాజ్యాంగమునందలి 14, 15, 25 అధికరణములకు ఆ నిషేధము విరుద్ధమనియు, పురుషులతో సమానముగా స్త్రీలను లోనికి పోనీయవలెననియు, వారి రక్షణకు తగిన ఏర్పాటులు చేయుట ప్రభుత్వమునకును ట్రస్టునకును కర్తవ్యమనియు ఆ తీర్పు సారాంశము. స్త్రీలు 2011–12 వరకును లోనికి పోవుచునే యుండిరి గనుక, ఆ నిషేధము మతమునకు ప్రాణమైన ఆచారమని చెప్పుట చెల్లదని న్యాయస్థానము పేర్కొనెను. ట్రస్టువారు సుప్రీముకోర్టునకు పోయిరి. కాని 2016 అక్టోబరు 24వ తేదీన తామే స్త్రీలను సమానముగా రానిత్తుమని విన్నవించి, ఏర్పాటులకు నాలుగు వారముల గడువు పుచ్చుకొనిరి. నవంబరు 29వ తేదీన సుమారు ఎనుబదిమంది స్త్రీలు కలిసి పోయి చాదరు, పూలు సమర్పించిరి. ఆనాటినుండి స్త్రీలకుగాని పురుషులకుగాని సమాధిని తాకుటకు వీలులేదు. ఇరువురును ఒకే దూరమున నిలుతురు.

ఇది యొక్క మతమున మాత్రమే జరిగినదని తలపకుడు. అదే 2016లో, అదే బొంబాయి హైకోర్టు చెప్పిన మాట ననుసరించి, అదే మహారాష్ట్రమున శని శింగణాపురమందు శనైశ్చరుని అరుగును స్త్రీలు ఎక్కగలిగిరి. హిందువులమైన మనము పరాయియింటి ముంగిటి కంచెను చూచి నవ్వుట తగదు. మన పెరటి కంచెలును మనకున్నవి.

ఆచార మనునది ఎంత పాతదో విచారింపక, పాతదని నమ్ముట సులభము. మా నాయనగారు నాకు కావ్యములు చెప్ప మొదలిడినపుడు బంధువులలో పెద్దలు కొందఱు “ఆడుపిల్లకు ప్రబంధములేల? మన వంశమున ఈ ఆచారము లేదు,” అనిరి. అప్పుడు మా తాతగారు అటకమీదనుండి ఒక తాటాకు కట్టను దింపించి, “ఇది మా నాయనమ్మ చదివిన భాగవతము. ప్రతి సాయంకాలము ఇరుగుపొరుగువారికి చదివి వినిపించెడిది. వంశాచార మేదో ఇందున్నది చూడుడు,” అనిరి. ఎవ్వరును మారు పలుకలేదు. నడుమ రెండు తరములవారు చదువకపోవుటయే, ఎన్నడును చదువలేదను నమ్మకముగా ముదిరినది. హాజీ అలీయందలి కంచెకు తీర్పునాటికి వయస్సు నాలుగేండ్లే. నాలుగేండ్లలో అది సనాతనమైపోయినది! ఆ నూనెపాత్ర పట్టుకొని యేడ్చిన బీదరాలే మరల వచ్చియుండిన, ఆమెనుకూడ ఆ కంచెయొద్దనే నిలిపియుందురు కాబోలు.

నన్ను మిక్కిలి ఆలోచింపజేసిన సంగతి మరియొకటి. ఊరు చూడవచ్చిన దానను, అన్యమతస్థురాలను, ఒక గంటసేపు నిలిచి పోవుదానను. అయినను ఎవ్వరును నన్ను అడ్డలేదు. ఆ ద్వారము నా కొఱకు తెరచినది కాదు. ఆ మతమునందే పుట్టి, ఆ మతమును విడువక, తమ గ్రంథములనే ప్రమాణముగా చూపి వాదించిన స్త్రీలు తెరపించిన ద్వారము. వారి శ్రమఫలమును నేను పైసా వ్యయము లేక అనుభవించితిని. మన మెన్ని గడపలను ఈ విధముగా దాటుచున్నామో! మనకు బడి తెరపించినదెవరు, మన పేర ఆస్తి వ్రాయునట్లు చేసినదెవరు, చేతికి వోటు వచ్చునట్లు పోరాడినదెవరు అని గడప దాటునపుడు తలచుకొను అలవాటు మనకు లేదు.

మధ్యాహ్నము కావచ్చినది. “ఇక లెండి, నీరు తిరిగినది,” అని మా చెల్లెలు తొందరచేసినది. పోయినపుడు పొడిగానున్న రాళ్ళమీద నిప్పుడు అలలు ఎగసిపడుచుండెను. బాటయంచున నురుగు చేరినది. బిచ్చగాండ్రు కొందఱు మూటలు సర్దుకొనుచుండిరి. నడచుచు నడచుచు మావారు “నీకు సమాధిమీది జరీ కనబడెనా?” అని యడిగిరి.

“కనబడినది. పచ్చదానిమీద ఎఱ్ఱది వేసియున్నారు. మీకో?”

“నాకును అంతే.”

ఆ మాట చిన్నదే. కాని పదునాలుగేండ్ల సంసారములో మేమిరువురమును ఒక పవిత్రస్థలమున వేర్వేరు వరుసల నిలిచి, ఒక్క వస్తువును ఒక్క దూరమునుండి చూచి వచ్చి చెప్పుకొనుట అదియే మొదటిసారి. సమానత్వ మనిన దగ్గరగా పోవుట యని కొందఱు తలంతురు. ఆ ముదుసలి కోరినది దగ్గరతనము కాదు. కొడుకునకెంత దూరమో తన కంత దూరము. దేవుడు దూరమున నుండవచ్చును; ఆ దూరము ఒకరికి ఎక్కువయు ఒకరికి తక్కువయు కాకుండిన చాలును.

సోదరీమణులారా, ముంబయికి పోయినచో హాజీ అలీని తప్పక చూడుడు. తిథి చూచుకొని నీరు తీసిన వేళకు పోవుడు. గురు శుక్రవారములందు మిక్కిలి జనసమ్మర్దముగా నుండును గనుక పిల్లలు వెంటనున్న మరియొకనాడు పోవుట మేలు. చెప్పులను బయట విడిచి, తలపై కొంగు కప్పుకొని, నిండుగా కట్టుకొని పోవుడు. బాటపై జారుడు రాళ్ళున్నవి, బిడ్డల చేయి విడువకుడు. లోపల మీకు తోచిన భక్తితోనో, భక్తి లేకున్న మర్యాదతోనో ఒక్క నిమిషము నిలువుడు. వరుసలో మీ ముందొక ముదుసలి అరచేతులు చాచి నిలిచియుండిన, ఆమె ప్రార్థన ముగియువరకును వేచియుండుడు, తోయకుడు. ఆ నాలుగడుగుల చోటికి ఆమె చాల దూరమునుండి నడచి వచ్చినది.